పిలవని తాడు

నూకరత్నానికి ఓడ నడపడం వచ్చు. ఆపడమే రాదు.

సముద్రం మధ్యలో ఆపమంటే ఆపుతుంది. లంగరు జారవిడిచి, తెరచాపలు దించి, హాయిగా అన్నం వండుకుని తింటుంది. రేవు గోడ పక్కకు తెచ్చి గుంజకు కట్టి ఆపమంటేనే ఆమె వల్ల కాదు. ఆమె వల్లే కాదు, అంత ఓడను ఒంటరిగా రేవుకు కట్టడం ఏ మనిషి వల్లా కాదని పెదమొగ ఊళ్లో పుట్టిన ప్రతివాడూ చెబుతాడు. అలా చెప్పినందుకే ఆమె వాళ్లలో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది.

ఆ ఓడ పేరు రాయంచ. వెనకటికి ఒక జమీందారు షికారు కోసం కట్టించుకున్నాడు. రెండు పెద్ద తెరచాప కొయ్యలు, వాటికి ఆకాశాన్ని కప్పేసే చాపలు, కింద అద్దాల గది, ఆ గదిలో పట్టెమంచం. సరుకు మోసే ఓడ కాదు, చేపలు పట్టే పడవ కాదు. గాలి తినడానికే పుట్టిన ఓడ. దాన్ని కదపాలంటే ఎనిమిదిమంది కళాసులు కావాలి, వాళ్లకు పని చెప్పడానికి ఒక సరంగు కావాలి. ఆ సరంగు నూకరత్నం తండ్రి నరసయ్య. జమీందారుకు సముద్రం మీద మోజు తీరిపోయాక, "నువ్వే ఉంచుకోరా నరసయ్యా" అని ఓడను అతనికే వదిలేశాడు. నరసయ్య దాని మీద పెళ్లివారిని తిప్పేవాడు, తిరునాళ్లకు పోయేవాళ్లను తిప్పేవాడు. ఎవరినీ తిప్పే పని లేని రోజున కూతుర్ని తిప్పేవాడు.

పెదమొగ రేవులో ఒక ఆచారం ఉంది. ఓడ మీదున్న మనిషి పేరు పెట్టి పిలిచి తాడు విసరాలి. "ఫలానా, అందుకో!" అనాలి. పిలిచిన మనిషే అందుకోవాలి. అందుకున్నవాడు, ఓడ మీంచి "చాలు" అన్న మాట వినపడేదాకా విడవకూడదు. పిలవని తాడును మాత్రం ఎవరూ ముట్టుకోరు. కళ్లముందు ఓడ కొట్టుకుపోతున్నా ముట్టుకోరు. పిలవకుండా పట్టుకున్న తాడుకు పూచీ ఎవరిదని వాళ్ల వాదన.

నిరుడు కార్తీకంలో, ఈదురుగాలిలో ఓడను రేవుకు తెస్తూ, "కొర్లయ్యా, అందుకో!" అని నరసయ్య పిలిచాడు. కొర్లయ్య అతని దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన కళాసీ. నూకరత్నం అతన్ని మావా అని పిలుస్తుంది. కొర్లయ్య అందుకున్నాడు. తాడు తడిసి ఉంది. ఒక పెద్ద గాలి విసురు వచ్చింది. తాడు అరచేతుల్ని చీల్చుకుంటూ జారింది, అతను విడిచేశాడు. ఓడ ముక్కు ఏటిలోకి తిరిగింది, వెనక భాగం వచ్చి రేవు రాళ్లకు కొట్టుకుంది. ఆ మధ్యలో నరసయ్య ఉన్నాడు.

కర్మకాండలయ్యాక కొర్లయ్య వాళ్లింటికి వచ్చాడు. నూకరత్నం తలుపేసుకుంది. ఆ మర్నాడే మిగతా కళాసులకు కూడా చెప్పేసింది, రేపట్నుంచి రానక్కర్లేదని. వాళ్లు కొర్లయ్య కాదు కదా అని ఎవరో అడిగారు. "అందరికీ ఉన్నవి అవే చేతులు కదా," అంది.

ఇంక ఆ ఏడాదంతా ఆమె తనకు తానే నేర్చుకుంది. ఏ తాడు ఎక్కడున్నా కప్పీల మీదుగా చుక్కాని దగ్గరికే వచ్చేలా పీకి కట్టింది. ఓడలో ఏ మూల ఏం జరిగినా కూర్చున్నచోటునుంచే లాగొచ్చు. పెద్ద చాప ఎత్తడానికి ఇద్దరు మనుషుల బలం కావాలి. ఆమె లంగరు చక్రానికి తాడు చుట్టి, తిప్పి తిప్పి ఎత్తుతుంది. నిద్రొస్తే చుక్కానికి అటొక తాడు ఇటొక తాడు బిగించి, దాని పక్కనే కుక్కలా ముడుచుకుని పడుకుంటుంది. ఓడ ఊగే తీరు మారితే చాలు, కళ్లు తెరుస్తుంది. రాయంచను అవతలి కొండల దాకా తీసుకెళ్లి తీసుకొచ్చింది. తిరిగొచ్చాక రేవుకు మాత్రం రాదు. ఏరు సముద్రంలో కలిసే మొగ బయటే లంగరేసి, చిన్న దోనె వేసుకుని ఒడ్డుకొస్తుంది.

ఎండాకాలం బానే గడిచింది, వానాకాలమూ గడిచింది. మళ్లీ కార్తీకం వచ్చింది. ఒకనాడు రేవులో తుఫాను జెండా ఎగరేశారు.

*

ఏటి మొగ పక్కన ఇసుక దిబ్బ మీద ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే జాఫరు సాయిబు డెబ్బై దాటిన మనిషి. తండ్రి పోయిన కొత్తలో నూకరత్నం పోయి ఆ అరుగు మీద కూర్చునేది. మాట్లాడేది కాదు, ఆయనా మాట్లాడించేవాడు కాదు. చాలా రోజులకు ఒక మాట చెప్పాడు. "రోజూ పడుకోబోయే ముందు నీ చేతులు చూసుకో తల్లీ. ఏం పట్టుకుని ఉన్నావో అది కింద పెట్టి పడుకో." అది మొదలు ఆమె ఆయన శిష్యురాలినని అనుకుంది. ఆయన ఔనననూ లేదు, కాదననూ లేదు.

ఆ సాయంత్రం ఆమె వెళ్లేసరికి సాయిబు నిచ్చెన పై మెట్టు మీద నిలబడి గోడకు సున్నం కొడుతున్నాడు.

"తాతా, తుఫానొస్తోంది. ఇప్పుడు సున్నమా?"

"వానకు కొంత పోతుంది. కొంత ఉంటుంది. అసలు కొట్టకపోతే అంతా పోయినట్టే కదా?" ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, గబగబా దిగివచ్చాడు. "ఏంటమ్మా, మొహం అలా ఉంది?"

ఆమె అరుగు మీద కూలబడి గడగడా చెప్పేసింది.

"మీరు చెప్పినట్టే చేశాను తాతా. చేతుల్లో ఉన్నవాళ్లందర్నీ కింద పెట్టేశాను. ఇప్పుడు నాకెవరి సాయమూ అక్కర్లేదు. చాప చిరిగితే నేనే కుట్టుకుంటాను, కొయ్య ఎక్కాలంటే నేనే ఎక్కుతాను. మీలాంటివాళ్లు కోరుకునేది కూడా ఇదే కదా? ఎవరి మీదా ఆనుకోకుండా బతకడం?"

"మాలాంటివాళ్లా?" సాయిబు బకెట్లోకి తొంగిచూశాడు. "సున్నం పలచబడింది," అన్నాడు.

"ఒక్కటే మిగిలిపోయింది తాతా. రేవుకు కట్టడం. బయట లంగరు మీద వదిలేస్తే ఈ తుఫానుకు ఓడ ఉండదు. మా నాన్న తర్వాత నాకు మిగిలింది అదొక్కటే. రేపు పోటుకు నీరు పెరిగినప్పుడు లోపలికి తేవాలి. చుక్కాని దగ్గరుంటే ముందు తాడు విసరలేను. ముందుకెళితే చుక్కాని పట్టేవాళ్లుండరు. నాకు నాలుగు చేతులుంటే బాగుండు. ఒక్కదాన్నే ఎలా చెయ్యాలో దారి చెప్పండి."

"ఓడల సంగతి నాకేం తెలుసు తల్లీ? ఏరు దాటే పడవలోనే కళ్లు మూసుకుంటాను."

"మరెవర్నడగను?"

ఆయన బకెట్టు పక్కన పెట్టాడు. చేతికంటిన సున్నాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. "రేపు నన్ను ఎక్కించుకుంటావా? ఇంత వయసొచ్చింది, షికారు ఓడ ఎక్కిందే లేదు."

"తాతా! రేపు షికారు కాదు."

"నీకడ్డం రాను. ఒక మూల కూర్చుని నా బొంత కుట్టుకుంటాను."

*

పొద్దున్నే దోనె మీద రాయంచ దగ్గరికి వెళ్లారు. గాలి అప్పటికే ఈశాన్యం నుంచి కొడుతోంది. నూకరత్నం తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కేసింది. వెనక్కి తిరిగి చూస్తే సాయిబు బొంత మూట చంకలో పెట్టుకుని, కింద దోనెలోనే నిలబడి ఉన్నాడు.

"చెయ్యివ్వు తల్లీ. నావల్ల కాదు."

నిన్న బకెట్టుతో నిచ్చెన దిగిన మనిషి! నేల మీది మనిషి కదా, నీళ్లంటే భయం కాబోలు అనుకుంది. ఓడ అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపింది. ఆయన బరువంతా ఆ చేతి మీదే వదిలి పైకొచ్చాడు.

"నువ్వుండబట్టి సరిపోయింది," అన్నాడు.

లంగరు ఎత్తడం పెద్ద గొడవ. ముక్కు దగ్గర చక్రం తిప్పి తిప్పి ఎత్తాలి. లంగరు ఇసుకను వదిలిన క్షణంలోనే ఓడ గాలికి పక్కకు పడిపోతుంది. అప్పుడు చక్రం బిగించి, ఓడ పొడుగునా పరిగెత్తి చుక్కాని అందుకోవాలి. ఆమె అలాగే బిగించి, అలాగే పరిగెత్తుకొస్తుంటే, కొయ్య మొదట్లో కూర్చున్న సాయిబు తలెత్తాడు.

"తల్లీ, కాసిని మంచినీళ్లు."

"ఇప్పుడా తాతా?"

"నాలుక పిడచకట్టింది."

ఆమె చుక్కానిని మోకాలితో అదిమి, ముక్కు చాప తాడు పళ్లతో పట్టుకుని, పక్కనున్న కుండలో చెంబు ముంచి ఆయన వైపు జరిపింది. ఆయన నిదానంగా తాగి, మూతి తుడుచుకుని, "నువ్వుండబట్టి సరిపోయింది," అన్నాడు.

ఓడ దారిన పడింది. ఆమెకు ఊపిరాడింది. చుక్కాని బిగించి, కప్పీలన్నీ ఒక్కొక్కటే ఆయనకు చూపించింది. ఏ తాడు ఎక్కణ్ణుంచి వస్తుందో, ఏది లాగితే ఏది దిగుతుందో, కొయ్య మీద ఇరుక్కుపోయిన చాపను కిందనుంచే ఎలా విడిపిస్తుందో చెప్పింది. ఎవరికైనా చెప్పి ఏడాదైంది. మాటలు తోసుకొచ్చాయి.

"చూశారా తాతా? ఎనిమిదిమంది చేసే పని."

"నిజమే. మరి వాళ్లంతా కలిసి అన్నం తినేవాళ్లు కదా? అది కూడా నువ్వొక్కదానివే తినేస్తున్నావా?"

ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అన్నట్టు లేడు. సూది పైకెత్తి వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తున్నాడు. "దారం ఎక్కడం లేదమ్మా. కళ్లు ఆనడం లేదు."

ఊగుతున్న ఓడ మీద సూదిలో దారం! విసుక్కుందామనుకుంది. సూది చేతిలోకి తీసుకుంది. రెండుసార్లు తప్పింది, ఆనక ఎక్కింది. ఎందుకో విసుగు రాలేదు. తిరిగి చుక్కాని దగ్గరికి పోతుంటే ఆయన మాట వెనకనుంచి వినపడింది. "నువ్వుండబట్టి సరిపోయింది."

తండ్రి పోయాక తన చేతులతో ఇంకొకరికి పని చేసిపెట్టడం ఇవాళే మొదలని అప్పుడు తోచింది. తోచినదాన్ని పక్కకు నెట్టేసి, ఏటి మొగ వైపు చూసింది.

*

రేవులో జనం ఉన్నారు. తుఫాను కదా, చిన్న పడవల్ని ఒడ్డు మీదికి లాక్కునేవాళ్లు లాక్కుంటున్నారు, పెద్దవాటికి రెండేసి తాళ్లు కట్టేవాళ్లు కడుతున్నారు. రాయంచ మొగలోకి తిరగడం చూసి ఎక్కడి పనులక్కడ ఆపి నిలబడ్డారు. చివరి గుంజ దగ్గర కొర్లయ్య ఉన్నాడు. ఏడాదిగా ప్రతి పోటుకూ వచ్చి అక్కడే నిలబడతాడు. రావద్దని ఎవరూ అనలేదు. అతని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, అంతే.

గాలి రేవు గోడ మీంచి ఏటిలోకి తోస్తోంది. అవతలి ఒడ్డున ఇసుక మేట. దాని మీద ఎప్పటిదో ఒక ఓడ, బల్లలన్నీ ఊడిపోయి, పక్కటెముకల్లా దుంగలు మాత్రం నిలబడి ఉన్నాయి. పోటు ఇంక కాసేపే. పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తే ఏరు ఓడను ఆ మేట వైపే లాక్కుపోతుంది.

మొదటిసారి ఆమె చాలా బాగా తెచ్చింది. చాపలు దించి, మిగిలిన ఊపు మీదే గోడ పక్కకు జార్చింది. చుక్కాని వదిలి, తాడు భుజానేసుకుని ముక్కు వైపు పరిగెత్తింది. అక్కణ్ణుంచి గోడ మీదికి దూకి, తనే గుంజకు చుట్టాలని లెక్క. ముక్కు చేరేలోపు గాలి ఓడను ఒక్క తోపు తోసింది. గోడకూ ఓడకూ మధ్య నీళ్లు వెడల్పయ్యాయి. దూకలేక నిలబడిపోయింది. వెనక్కి పరిగెత్తి, చాప ఎత్తి, ఓడను తిప్పుకోవాల్సొచ్చింది.

"ఒలే నూకీ!" రేవు మీంచి చేపల పైడమ్మ అరిచింది. "ఎవరో ఒకర్ని పిలవ్వే! నోరేటి, సముద్రంలో పడేసుకున్నావేటి?"

"నాకెవరూ అక్కర్లేదు!"

"అక్కర్లేకపోతే మా రేవుకెందుకొచ్చావే, అటే పో!"

జనం నవ్వారు. నూకరత్నం పళ్లు బిగించింది.

రెండోసారికి ఆమె దగ్గర ఇంకో ఉపాయం ఉంది. దానికోసం పొడుగాటి వెదురు గెడ సిద్ధం చేసుకుంది. గెడ చివర తాడు ఉచ్చు. చుక్కాని వదలకుండానే చెయ్యి చాపి ఆ ఉచ్చును గుంజకు తగిలించాలి. ఒట్టి గాలిలో ఎన్నోసార్లు తగిలించి చూసుకుంది. ఇప్పుడు గెడ గాలికి వంగి, ఉచ్చు గుంజ తలను రాసుకుని జారిపోయింది. మళ్లీ సర్దేలోగా గెడ గోడ రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఓడ వెళ్లిపోతోంది, గెడ రావడం లేదు. చేతులు వదిలెయ్యాల్సొచ్చింది. తాడుతో సహా గెడ నీళ్లపాలైంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఏటి మీద తేలే నురుగు ఒక్కచోటే ఆగి, నెమ్మదిగా సముద్రం వైపు కదలడం మొదలుపెట్టింది. పాటు వచ్చేసింది. ఇంకొక్కసారి గోడ దగ్గరికి పోగలదు. అది తప్పితే ఇసుక మేటే. ఓడలో ముసలాయన ఉన్నాడు. ఆయన్నెందుకు తెచ్చాను దేవుడా అనుకుంది.

ఓడను మూడోసారి తిప్పింది. చాప దించింది. రేవు గోడ దగ్గరికొస్తోంది. చుక్కాని దగ్గర ఉండాలా, ముక్కు దగ్గరికి పోవాలా? రెండడుగులు ముందుకేసింది, మళ్లీ వెనక్కేసింది. కాళ్లు ఎటూ పోలేదు.

"తల్లీ," అన్నాడు సాయిబు.

"తాతా, ఇప్పుడు కాదు!"

"లేవలేకపోతున్నాను. చెయ్యివ్వు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, అలవాటైపోయిన చెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నాడు. ఆమె మోస్తుందో లేదో చూసుకోలేదు. వదిలేస్తుందేమోనని ఇంకో చెయ్యి కొయ్యకు ఆనించలేదు. తన బరువు మొత్తం ఆమె చేతిలో పెట్టేసి లేచాడు. లేచి, ఆమె కళ్లలోకి చూశాడు. ఈసారి ఏమీ అనలేదు.

ఆ బరువు ఇంకా అరచేతిలో ఉండగానే నూకరత్నం ముక్కు దగ్గరికి పరిగెత్తి తాడు చుట్ట అందుకుంది. గోడ మీద జనం. ఆఖరి గుంజ దగ్గర, అందరికంటే ముందు, ఖాళీ చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని ఒక మనిషి.

"కొర్లయ్య మావా!" గొంతు చీలిపోయింది. "అందుకో!"

తాడు గాలిలో విప్పుకుంటూ వెళ్లింది. కొర్లయ్య కదల్లేదు. తన పేరేనా అన్నట్టు నిలబడిపోయాడు. తాడు కొస గోడ అంచును తాకి జారబోయింది. అప్పుడు ఆ మనిషి బోర్లా పడిపోయాడు. పడి, రెండు చేతులతో పట్టుకున్నాడు. లేచేసరికి తాడు గుంజ చుట్టూ తిరిగి ఉంది.

ఓడ లాగింది. గాలి తోసింది. కొర్లయ్య మడమలు రాళ్లకు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. తాడు బిగుసుకుని నీళ్లు కక్కింది. జారలేదు. రాయంచ ముక్కు ఏటి మధ్యలో ఆగి, కాస్త తటపటాయించి, ఇంటిదారి గుర్తొచ్చిన ఆవులా రేవు వైపు తిరిగింది.

"చిన్నబ్బులూ, వెనక తాడు! అందుకో!"

"ఇటు పారెయ్!" పడవ లాక్కుంటున్న కుర్రాడొకడు ముందుకురికాడు.

"పైడమ్మత్తా, అందుకో!"

"నేనేం కళాసీనేటే, నాకు తాడిస్తావు!" అంటూనే పైడమ్మ చేపల బుట్ట కింద పడేసి అందుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆమె నడుం పట్టుకున్నారు. నూకరత్నానికి పేర్లు ఒకదాని వెనకొకటి నోటికొచ్చేస్తున్నాయి. ఏడాదిగా పలకని పేర్లు. ఒక్కటీ మరచిపోలేదు. తాళ్లు అయిపోయాక కూడా ఒకరిద్దర్ని పిలిచింది. వాళ్లు వచ్చి ఊరికే నిలబడ్డారు.

ఓడ మెల్లగా వచ్చి గోడకు ఆనుకుంది. ఎవరో కొబ్బరిపీచు మూటలు తెచ్చి మధ్యలో కుక్కారు. రాయంచ ఒకసారి మూలిగి ఊరుకుంది.

*

అన్ని తాళ్లూ ముడిపడ్డాయి. జనం ఎవరి పనుల్లోకి వాళ్లు పోతున్నారు. పైడమ్మ చెల్లాచెదురైన చేపలేరుకుంటూ, "ఏడాదంతా పలకరింపులు దాచుకుని ఒక్కరోజులో ఖర్సు పెట్టేసింది, తల్లి!" అని సాధిస్తోంది. కొర్లయ్య మాత్రం కదల్లేదు. తాడు గుంజకు ఇన్ని చుట్లు చుట్టి ముడేసి ఉంది, అయినా కొస రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఆమె చెప్పవలసిన మాట ఇంకా చెప్పలేదు.

నూకరత్నం గోడ మీదికి దిగింది. అతని ముందు నిలబడింది. అతని అరచేతుల్లో పాత మచ్చలు కనపడ్డాయి. నిరుటివి. చేతిని అడ్డంగా కోసినట్టు, వేళ్ల మొదళ్ల దాకా. అంత లోతుగా తెగాయని ఆమెకు తెలియదు. తలుపేసుకున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

"చాలు మావా."

అతను విడవలేదు. ఆమె తన చేత్తో అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

"నువ్వుండబట్టి సరిపోయింది," అంది.

కొర్లయ్య ఏదో అనబోయాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తుడుచుకుని, తువ్వాలు తియ్యకుండానే, "ముక్కు తాడు రెండో కట్టు వెయ్యాలమ్మా. రాత్రికి గాలి పెరుగుద్ది," అన్నాడు.

"వేద్దాం. అన్నం తిని వేద్దాం. ఓడలో బియ్యం ఉన్నాయి. మిగతావాళ్లను కూడా రమ్మను."

"అందర్నీ?"

"అందర్నీ. ఏడుగురూ ఎక్కడెక్కడున్నారో నీకు తెలుసు కదా?"

కొర్లయ్య తల ఊపి, గబగబా నడిచాడు. నాలుగడుగులు వేశాక అది పరుగైంది.

మొదటి చినుకులు పడ్డాయి. నూకరత్నానికి సాయిబు గుర్తొచ్చి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆయన బొంత మూట చంకలో పెట్టుకుని ఓడ అంచున నిలబడి ఉన్నాడు. అలకు ఓడ కాస్త పక్కకు జరిగింది. గోడకూ దానికీ మధ్య నీళ్లు కనపడుతున్నాయి.

"ఆగండి తాతా, ఆగండి! చెయ్యిస్తాను!"

ఆమె పరిగెత్తేలోపే ఆయన లుంగీ ఎగ్గట్టి, ఒక్క గెంతులో ఇవతలి రాయి మీద వాలాడు. చంకలో మూట కూడా కదల్లేదు. చెప్పులు సరిచేసుకున్నాడు. ఆకాశం వైపు చూసి, తడిసిపోబోయే సున్నాన్ని తలుచుకున్నట్టు నాలుక చప్పరించాడు.

ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంది.

"అక్కర్లేదు తల్లీ," అన్నాడు.

"మరి పొద్దున..."

"పొద్దున కూడా అక్కర్లేదు."